విన్‌చెస్టర్ మోడల్ 1873 రైఫిళ్ళ సేకరణ విలువ

విన్‌చెస్టర్ మోడల్ 1873 అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తయారైన ఒక రైఫిల్ నమూనా. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ నగరానికి చెందిన విన్‌చెస్టర్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీ దీనిని తయారు చేసింది. చేతిపట్టు క్రింద ఉన్న మీటను ముందుకు నెట్టి వెనుకకు లాగినచో కాలిన తూటా తొడుగు బయటపడి, కొత్త తూటా గొట్టంలోనికి చేరుతుంది. మొత్తం 7,20,000కు పైగా తయారైనందున ఈ నమూనా అరుదైనది కాదు. కాని కర్మాగారం నుండి వచ్చిన రూపంలోనే నేటికీ మిగిలినవి బహు కొద్ది. పాత రైఫిళ్ళ వెల నిర్ణయంలో ఉన్న చిక్కులన్నీ ఈ ఒక్క నమూనాలోనే కనిపిస్తాయి.

స్థితి నిర్ణయం

సేకర్తలు వాడే "మింట్" అనే మాట నాణేల నుండి వచ్చినది. టంకశాల నుండి అప్పుడే వెలువడిన నాణెం వలె వస్తువు ఉన్నదని దాని భావం. అమ్మేవారు ఈ మాటను మిక్కిలి ఉదారంగా వాడుతారు కనుక, అనుభవజ్ఞులు శాతాలలో మాట్లాడుతారు. అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పురాతన తుపాకులకు కొన్ని శ్రేణులను ఏర్పరచింది. భాగాలన్నీ అసలువై, మొదటి పూత నూటికి నూరు శాతం నిలిచి ఉన్నది "ఫ్యాక్టరీ న్యూ". పూత 80 శాతానికి పైగా ఉంటే "ఎక్సలెంట్", 30 శాతానికి పైగా ఉంటే "ఫైన్" అంటారు.

ఇక్కడ పూత అనగా ఉక్కుకు తుప్పు పట్టకుండా వేసే నలుపు కలిసిన నీలి పూత. చేయి తగిలే చోట ఇది మొదట అరుగుతుంది. ఒకసారి పోయిన అసలు పూతను తిరిగి తెచ్చే ఉపాయం లేదు. కొత్తగా వేసిన పూత ఎంత అందంగా ఉన్నా సేకర్త దానిని లోపంగానే ఎంచుతాడు. తాతల నాటి తుపాకి వారసత్వంగా పొందినవారు, అమ్మే ముందు దానిని తోమి మెరుగు పెట్టించి, ఆ ఒక్క పనితో దాని వెలలో పెద్ద భాగాన్ని పోగొట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

మెరుగు పెట్టిన తుపాకిని గుర్తించుట అంత కష్టం కాదు. లోహంపై చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. మరల గాడులు చెదిరి ఉంటాయి. సాధారణంగా కర్ర భాగం లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. గీకిన కర్ర లోహం కంటే పల్లంగా కనిపిస్తుంది.

పత్రాలు, చరిత్ర

విన్‌చెస్టర్ కంపెనీ పాత దస్త్రాలు వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో ఉన్నాయి. రుసుము చెల్లించి క్రమసంఖ్య తెలిపినచో, దస్త్రం లభించిన మేరకు గొట్టం రకం, కర్మాగారం నుండి పంపిన తేదీ వంటి వివరాలతో ఒక లేఖ ఇస్తారు. చేతిలోని తుపాకి ఆ లేఖతో సరిపోలకుంటే, తరువాతి కాలంలో ఎవరో భాగాలు మార్చి ఉండవచ్చును.

1875 నాటి కంపెనీ జాబితాలో, పరీక్షలో గురి మిక్కిలి బాగుగా కుదిరిన గొట్టాలతో చేసిన రైఫిళ్ళకు "వన్ ఆఫ్ వన్ థౌజండ్" అని పేరు పెట్టి 100 డాలర్లకు అమ్మజూపారు. ఈ నమూనాలో అటువంటివి సుమారు 130 మాత్రమే తయారైనాయి. 1950లో విడుదలైన "విన్‌చెస్టర్ '73" చిత్రం కోసం నిర్మాణ సంస్థ వీటిని వెదకుతూ ప్రకటనలు ఇవ్వగా, మరుగున పడినవి కొన్ని వెలుగులోకి వచ్చాయి. వెల ఎక్కువ కనుక నకిలీల బెడద కూడా వీటికే ఎక్కువ.

చరిత్ర ఒక్కటే వెలను ఎంత పెంచగలదో మరొక నమూనా చూపింది. అపాచీ నాయకుడు జెరోనిమోను వెంటాడిన కెప్టెన్ హెన్రీ లాటన్‌కు చెందిన మోడల్ 1886 రైఫిల్, క్రమసంఖ్య 1, 2016 ఏప్రిల్‌లో రాక్ ఐలండ్ వేలం సంస్థలో 12,65,000 డాలర్లకు అమ్ముడైంది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ 2014లో నెవాడా రాష్ట్రంలోని గ్రేట్ బేసిన్ జాతీయ ఉద్యానవనంలో బయటపడింది. జునిపర్ చెట్టుకు ఆనించి ఎవరో మరచిన మోడల్ 1873 అది. దస్త్రాల ప్రకారం 1882లో తయారైంది. కర్ర బీటలు వారి, లోహం తుప్పు పట్టి ఉన్నా, నిపుణులు దానిని కొత్తదిగా మార్చక, ఉన్న స్థితిలోనే నిలిచేటట్లు చేశారు. ప్రభుత్వ ఆస్తి కనుక అది అమ్మకానికి రాదు.

విక్రయం

వెల తెలుసుకొనుటకు అమ్మేవారు అడిగే ధరలు పనికిరావు; అదే స్థితిలోని తుపాకి వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడైనదో చూడాలి. వర్తకుడు వెంటనే రొక్కం ఇస్తాడు, కాని తన లాభం మినహాయించుకొని ఇస్తాడు. వేలంలో ధర పెరిగే అవకాశం ఉన్నది, అయితే కమీషను పోతుంది. పైగా కొనుగోలుదారు పాట ధరపై అదనపు రుసుము కూడా చెల్లించాలి కనుక, పత్రికలలో వచ్చే మొత్తం సాధారణంగా అమ్మినవారి చేతికి రాదు. ఇంతకు తక్కువకు ఇవ్వరాదని కనీస ధర ముందుగా నిర్ణయించుకొనుట మేలు.

చట్టం

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం 1898లో గాని, అంతకు ముందు గాని తయారైనవి పురాతన ఆయుధాలు. సమాఖ్య చట్టంలోని లైసెన్సు నిబంధనలు వీటికి వర్తించవు. మోడల్ 1873 తయారీ ఆ తరువాత కూడా కొనసాగినందున, ఒకే రూపంలోని రెండు తుపాకులలో ఒకటి ఇటు, ఒకటి అటు పడవచ్చును. 1898 తరువాతి తుపాకిని వేరే రాష్ట్రంలోని సామాన్య వ్యక్తికి అమ్మాలంటే లైసెన్సు గల వర్తకుని ద్వారా పంపాలి. ఆయన కొనుగోలుదారు నేరచరిత్రను పరిశీలింపజేస్తాడు. 50 ఏళ్ళు నిండిన తుపాకులను సేకరించేవారికి ప్రత్యేక లైసెన్సు కలదు. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. కొన్ని సమాఖ్య చట్టం కంటే కఠినమైనవి.