సీతారామారావు అంతరాత్మ

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను మనోవైజ్ఞానిక నవల అని పరిచయం చేసి ఊరుకోవడం మన విమర్శకు అలవాటైపోయింది. సీతారామారావుకు మతి చలించింది, అందువల్ల నీతి తప్పి ఇంట్లోవాళ్లను హింసించాడు అని తరగతి గదుల్లో చెబుతుంటాం. నవలలోని వరుస అది కాదు. మతి చలించడానికి చాలా ముందే, అతనికి సొంత అంతరాత్మ అంటూ ఏర్పడలేదు.

తండ్రి పోతూ పోతూ అతనికి అప్పగించినది వంశప్రతిష్ఠ. దాన్ని నిలబెట్టడానికే ఆస్తినంతా పంచిపెట్టాడు. ఆస్తి కరిగిపోయింది. ప్రతిష్ఠ అనే బరువు మాత్రం నెత్తిమీదే ఉండిపోయింది. నీతి పిల్లలకు రెండు దారుల్లో వస్తుందని పియాజే 1932లో రాశాడు: ఒకటి పెద్దల అధికారం, రెండోది తోటివాళ్లతో సహకారం. సీతారామారావుకు రెండో దారే లేదు. అతని చుట్టూ ఉన్నది ఆశ్రితులు గాని, తోటివాళ్లు కారు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని, ‘శంబూకవధ’ రాసి, పురాణాలను నిలదీసిన మనిషి. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన ఆ తండ్రికే ఈ నవలను అంకితమిచ్చాడు కొడుకు. ప్రశ్నను వారసత్వంగా పొందినవాడు, ప్రతిష్ఠను వారసత్వంగా పొందినవాడి పతనాన్ని రాశాడన్నమాట. (ఆ ‘అసమర్థుడు’ అనే మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. కథ మొదలుకాకముందే తీర్పు చెప్పేస్తుంది.)

ఇది పుస్తకంలోనే ఆగిపోయిన సంగతి కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు చేలో కొట్టవలసిన పురుగుమందునే తాగారు. ఆ ఇళ్లల్లో మిగిలిన కొడుకుల సంగతి మన సాహిత్యం ఎంత పట్టించుకుంది? తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యకార్యమని అప్పటి హిందూ న్యాయశాస్త్రం కూడా అంటూనే ఉంది. అంటే ధర్మం, చట్టం, షావుకారు ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడారు. కుంగుబాటు వ్యాధికి తగని అపరాధభావం ఒక లక్షణమని వైద్యులు చెబుతారు. అటువంటి కుర్రవాడు బడి మానేసినా, మాట్లాడకపోయినా ‘బాధ్యత లేనివాడు’ అంటాం. నిజానికి అతనిలో బాధ్యత మోయలేనంత పెరిగిపోయి ఉంటుంది.

2005 సవరణతో చట్టం ఆ పుణ్యభారాన్ని దించింది. అయితే ఆ తర్వాత చేసిన అప్పులకే. అంతకు ముందరివి, 1987 నాటివి సహా, పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.