శీతాకాలపు పొలంబాట ప్రయాణం (ఆర్మూర్ ప్రాంతం)

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల చలికాలంలో పొలాలకూ తారు రోడ్డుకూ మధ్య సాగే ట్రాక్టర్ల రాకపోకల గురించి, వాటికి ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి ఈ మాటలు. 44, 63 నంబరు జాతీయ రహదారులు ఈ పట్టణం వద్ద కలుస్తాయి. జనవరి నుంచి పసుపు తవ్వకం మొదలవుతుంది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరతాయి. పొగమంచు కమ్మే నెలల్లోనే బరువు బండ్లూ రోడ్డెక్కుతాయన్నమాట.

డీజిల్ గడ్డకట్టేంత చలి ఇక్కడ పడదు. బలహీనమైన బ్యాటరీ మాత్రం తెల్లవారుజామున మొరాయిస్తుంది. అసలు చిక్కు తడిసిన నల్లరేగడి: టైరు గాడుల్లో మట్టి నిండితే పట్టు పోతుంది, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు డిఫరెన్షియల్ లాక్ వేసి తిన్నగా బయటికి రావాలి. మలుపు తిప్పేముందు దాన్ని వదిలెయ్యాలి. పొలంలో విడివిడిగా వాడే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేముందు కొక్కెంతో కలపకపోతే, ఒకవైపు చక్రమే ఆగి ట్రాక్టరు పక్కకు లాగేస్తుంది, బోల్తా కూడా పడవచ్చు. చాలామంది మరిచిపోయేది ఈ కొక్కెం వేయడమే.

ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు మట్టి తుడిచి కనబడేలా ఉంచాలి. మంచులో హైబీమ్ పనికిరాదు, వెలుగు తిరిగి డ్రైవరు కళ్లలోనే పడుతుంది. రాత్రంతా పసుపు ఉడికించినవాడు స్టీరింగు పట్టకూడదు. మడ్‌గార్డు మీద మనిషిని కూర్చోబెట్టుకోవడం ఎంత పాత అలవాటైనా ప్రాణాంతకమే.