పరిశ్రమల ఊళ్లు నటుడికి ఏమిస్తాయి? బచేలి తెలుగిళ్ల నేపథ్యంలో ఆదర్శ్ గౌరవ్ ప్రస్థానం

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలాడీలా కొండల పాదాన ఉన్న పట్టణం బచేలి. ఈ కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. ఆ మార్గంలో చివరిదైన కిరండూల్‌కు ముందు వచ్చే స్టేషన్ బచేలి. ఖనిజం దిగి వచ్చే ఈ దారినే ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం తెలుగు కుటుంబాలు కొండల్లోకి వెళ్లాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, గోండీ వింటూ ఇక్కడి పిల్లలు పెరుగుతారు.

ఇటువంటి ఊళ్లలో పెరిగినవారు నటనను వృత్తిగా ఎంచుకుంటే భాష దగ్గరే మొదటి చిక్కు ఎదురవుతుంది. వారి తెలుగు విజయవాడ, హైదరాబాద్‌ల తెలుగులా ఉండదు. వారి హిందీ లక్నో హిందీ కాదు. మరి ఏ భాషలో నటించాలి? ఈ ప్రశ్నకు ఒక సమాధానం జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టిన ఆదర్శ్ గౌరవ్ నట జీవితంలో కనిపిస్తుంది. ఆయనది బచేలి కాదు. అయితే ఆయన పుట్టిన ఊరు కూడా బచేలి లాగే పరిశ్రమ చుట్టూ అల్లుకున్నది, పలు భాషలవారు కలిసి బతికేది.

ఖనిజం తెచ్చిన బంధుత్వం

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ 1958లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఈ సంస్థ బైలాడీలాలో 1968లో కిరండూల్ వైపున, 1977లో బచేలి వైపున గనులను ప్రారంభించింది. రైలు మార్గం అరకు, కోరాపుట్, జగదల్‌పూర్‌ల మీదుగా సాగుతుంది. అందువల్ల బచేలి వాసులకు సముద్ర తీరాన ఉన్న విశాఖపట్నం దూరమైనా పరాయి ఊరు కాదు.

జంషెడ్‌పూర్ చరిత్ర ఇంకా పాతది. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడగా, కర్మాగారం చుట్టూ వెలసిన ఊరికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగువారు తరాలుగా అక్కడ స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్, భిలాయి, రవుర్కెలాలలోనూ ఇదే జరిగింది. ఈ ఊళ్లలో ఒకే వీధిలో తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ వినిపిస్తాయి. అవతలి మనిషి మాటను బట్టి తన మాటను సవరించుకోవడం ఇక్కడి పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. నటుడికి కావలసిన తొలి సాధనం కూడా అదే.

పాట నుంచి నటనకు

ఆదర్శ్ గౌరవ్ పూర్తి పేరు ఆదర్శ్ గౌరవ్ భాగవతుల. 1994 జులై 8న జన్మించారు. అప్పటికి జంషెడ్‌పూర్ బిహార్‌లో ఉండేది. 2000లో ఝార్ఖండ్ ఏర్పడినప్పుడు ఆ రాష్ట్రంలో చేరింది. ఆయన బాల్యం ఆ ఊరిలోనే గడిచింది. తర్వాత కుటుంబం ముంబయికి తరలివెళ్లింది.

ఆయన మొదట నేర్చుకున్న కళ నటన కాదు, హిందుస్థానీ శాస్త్రీయ సంగీతం. ముంబయిలో ఒక ఉత్సవంలో పాడుతుండగా చూసినవారు నటనకు ప్రయత్నించమని సూచించడంతో ఆయన దారి మారింది. కరణ్ జోహార్ దర్శకత్వంలో 2010లో వచ్చిన ‘మై నేమ్ ఈజ్ ఖాన్’లో ఆయన బాలనటుడిగా కనిపించారు.

పెద్ద సినిమాతో మొదలైనా పెద్ద అవకాశాలు వెంటనే రాలేదు. 2017లో మనోజ్ బాజ్‌పాయి నటించిన ‘రుఖ్’లో ముఖ్యపాత్ర, శ్రీదేవి కథానాయికగా వచ్చిన ‘మామ్’లో ప్రతికూల పాత్ర దక్కాయి. ఈ మధ్యకాలంలో ఆయన ముంబయిలోని ‘ది డ్రామా స్కూల్’లో నటనలో శిక్షణ పొందారు. తొలి సినిమాకూ, ప్రపంచానికి ఆయన పేరు తెలిసిన సినిమాకూ మధ్య పదకొండేళ్లు గడిచాయి. బాలనటులుగా కనిపించిన అనేకులు కనుమరుగయ్యేది ఈ వ్యవధిలోనే. ఆయన ఆ కాలాన్ని నేర్చుకోవడానికి వాడుకున్నారు.

‘ది వైట్ టైగర్’: వంద రూపాయల కూలి

అరవింద్ అడిగ నవల ‘ది వైట్ టైగర్’ 2008లో బుకర్ బహుమతి పొందింది. రమీన్ బహ్రానీ దర్శకత్వంలో రూపొందిన దాని చలనచిత్రం 2021 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. పేద గ్రామం నుంచి వచ్చి, ధనికుల ఇంట కారు డ్రైవరుగా చేరి, చివరికి యజమానిని చంపి వ్యాపారిగా మారే బల్‌రామ్ హల్వాయి పాత్రను ఆదర్శ్ గౌరవ్ పోషించారు. రాజ్‌కుమార్ రావు, ప్రియాంకా చోప్రా జోనస్ యజమానుల పాత్రలు చేశారు.

ఈ పాత్ర కోసం తాను ఎలా సిద్ధమయ్యారో ఆయన పలు ఇంటర్వ్యూలలో వివరించారు. ఝార్ఖండ్‌లోని ఒక గ్రామంలో నటుడినని చెప్పకుండా కొంతకాలం ఉన్నారు. ఆ తర్వాత దిల్లీలో రోడ్డు పక్కనున్న ఒక చిన్న తిండి కొట్టులో ప్లేట్లు కడిగే పనికి కుదిరారు. రోజుకు వంద రూపాయల కూలి. అక్కడ ఆయన ఎవరో ఎవరికీ తెలియదు.

ఈ సంగతిని కేవలం కష్టపడిన కథగా చెప్పుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది. పేదవాడి యాసను అనుకరించడం మంచి నటుడికి కష్టం కాదు. కానీ యజమాని పిలిచినప్పుడు మెడ ఎంత వంగాలి, డబ్బు అడిగేటప్పుడు చూపు ఎక్కడ నిలపాలి, తిట్టు తిన్నాక చేతులు ఏం చేస్తాయి అన్నవి శరీరానికి అలవాటు కావలసిన సంగతులు. సినిమా తొలి భాగంలో బల్‌రామ్ నవ్వుకూ, చివరి భాగంలో అతని నవ్వుకూ ఉన్న తేడాలో ఈ అధ్యయనం కనిపిస్తుంది.

ఇందులో ఒక నైతిక చిక్కు కూడా ఉంది. నటుడు అవసరం తీరాక ఆ కొట్టు నుంచి వెళ్లిపోగలడు. అతని పక్కన ప్లేట్లు కడిగిన కార్మికుడు వెళ్లలేడు. ఇతరుల బతుకును పాత్ర కోసం అరువు తెచ్చుకునే ప్రతి నటుడూ దీనికి జవాబుదారీ. ఆ మనిషిని తెరపై జాలి బొమ్మగానో, హాస్యానికో వాడుకోకుండా అతని తెలివినీ కోపాన్నీ పూర్తిగా చూపడమే ఆ రుణం తీర్చే మార్గం. బల్‌రామ్ పాత్రకు దక్కిన గౌరవం వెనుక ఉన్నది ఇదే. 2021లో ఈ పాత్రకు ఆయన బ్రిటిష్ అకాడమీ అవార్డుల్లో ఉత్తమ నటుడి విభాగంలో నామినేషన్ పొందారు. ఆ ఏడాది అవార్డు ‘ది ఫాదర్’కు గాను ఆంటొనీ హాప్కిన్స్‌ను వరించింది.

ఒక్కో పాత్రకు ఒక్కో ఊరి మాట

తరువాత ఆయన ఎంచుకున్న పాత్రలు ఒకదానికొకటి పోలిక లేనివి. తెలుగు నేల నుంచి వెళ్లిన దర్శక ద్వయం రాజ్–డీకే రూపొందించిన ‘గన్స్ అండ్ గులాబ్స్’ (2023)లో తండ్రి నేరసామ్రాజ్యం బరువు మోయలేక సతమతమయ్యే కుమారుడి పాత్ర ఆయనది. అదే ఏడాది వచ్చిన ‘ఖో గయే హమ్ కహాఁ’లో ముంబయి వ్యాయామశాలలో శిక్షకుడిగా కనిపించారు.

పరిశ్రమల ఊళ్లవారికి మరింత దగ్గరైనది రీమా కాగ్తీ దర్శకత్వం వహించిన ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్’. 2024లో టొరంటో చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, 2025 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది. మాలేగావ్ మహారాష్ట్రలోని మరమగ్గాల పట్టణం. అక్కడ స్నేహితులతో కలిసి అతి తక్కువ ఖర్చుతో సొంత సినిమాలు తీసిన నాసిర్ షేక్ పాత్రను ఆదర్శ్ గౌరవ్ పోషించారు. సినిమా తీయడానికి మహానగరానికే వెళ్లాలా అన్న ప్రశ్న ఆ కథలో ఉంది. ఆ ప్రశ్న బచేలికీ వర్తిస్తుంది.

2025 ఆగస్టులో మొదలైన అమెరికన్ ధారావాహిక ‘ఏలియన్: ఎర్త్’లో పెద్దవాడి కృత్రిమ శరీరంలో చిన్న పిల్లవాడి మనసు ఉన్న పాత్ర ఆయనకు దక్కింది. మాట కంటే నడక, భయం, ఆట చూపవలసిన పాత్ర ఇది.

బస్తర్ చూసిన రెండు తెరలు

ప్రపంచ తెరపై బస్తర్ బిడ్డ కనిపించడం కొత్త కాదు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ తీసిన ‘ఎన్ జుంగెల్‌సాగా’ 1957లో విడుదలైంది. నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన మురియా గోండు బాలుడు చెంద్రు మండావి అందులో పులితో కలిసి నటించి విదేశాల్లో పేరు పొందాడు. సినిమా పూర్తయ్యాక స్వగ్రామానికి తిరిగి వచ్చి, పేదరికంలోనే జీవించి 2013లో మరణించాడు. అతనిలో ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. అతనికి రెండో సినిమా లేదు, శిక్షణ లేదు, అడగడానికి చిరునామా లేదు. తెరపై కనిపించడం వేరు, నటుడిగా బతకడం వేరు అని చెంద్రు జీవితం చెబుతుంది.

దీనికి భిన్నమైన ప్రయోగం ఛత్తీస్‌గఢ్‌లోనే జరిగింది. రాయ్‌పూర్‌లో జన్మించిన రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ (1923–2009) స్థానిక నాచా జానపద కళాకారులను తన నయా థియేటర్‌లోకి తీసుకుని, వారి సొంత ఛత్తీస్‌గఢీ మాటల్లోనే నటింపజేశారు. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ ఆ పద్ధతికి పేరు తెచ్చింది. ఆ బృందంలో రాటుదేలిన ఓంకార్ దాస్ మానిక్‌పురి 2010లో ‘పీప్లీ లైవ్’ సినిమాలో నత్థా పాత్రతో దేశమంతటికీ తెలిశారు. ఆయనను నిలబెట్టినది ఏళ్ల తరబడి చేసిన నాటకం.

తెలుగు తెర మీద కూడా బయటి ఊళ్ల బాల్యం అడ్డంకి కాలేదు. రవితేజ చిన్నతనం జైపూర్, దిల్లీ, భోపాల్ వంటి ఉత్తరాది నగరాల్లో గడిచింది. సహాయ దర్శకుడిగా పనిచేస్తూ, చిన్న పాత్రలు వేస్తూ, 1997 నాటి ‘సింధూరం’ దాకా ఆయన ఓపికగా వేచి ఉన్నారు.

బచేలి పిల్లలకు ఉన్న దారులు

ఈ జీవితాలన్నిటిలోనూ కనిపించేది ఒక్కటే. మూలాలు నటుడికి చెవినిస్తాయి. ఆ చెవిని వృత్తిగా మార్చేది శిక్షణ, దాన్ని కొనసాగించగలిగే వ్యవధి. జంషెడ్‌పూర్ కుర్రవాడికి కుటుంబం ముంబయికి తరలడం వల్ల ఆ రెండూ అందుబాటులోకి వచ్చాయి. బస్తర్ బాలుడికి అందలేదు.

బచేలి నుంచి చూస్తే శిక్షణా కేంద్రాలు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే ఖైరాగఢ్‌లో 1956లో స్థాపితమైన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. రైలు చేరే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల విభాగాలు ఉన్నాయి. దిల్లీలో 1959లో ఏర్పడిన జాతీయ నాటక పాఠశాల ఉంది. వీటిలో ప్రవేశానికి ముందు పిల్లలకు కావలసింది ఊరిలో ఒక వేదిక, ఏడాదికి రెండు నాటకాలు, ఇంటి తెలుగునూ సంత హల్బీనీ తప్పుగా చూడని ఒక గురువు. గనులున్న ఊరికి ఇవి పెద్ద ఖర్చు కావు.