డెక్కన్ ఎయిర్‌వేస్ నుంచి దుబాయి టికెట్ల దాకా

నిజామాబాదు పట్టణానికి నేటికీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. జక్రాన్‌పల్లి దగ్గర కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది. అయినా పాత విమాన సంస్థల టికెట్లు, సామాను చీటీలు, తపాలా కవర్లు సేకరించేవారు పట్టించుకోవలసిన చరిత్ర ఈ జిల్లాకు ఉంది. రన్‌వే లేని చోట ఆ చరిత్రకు కాగితాలే ఆధారం.

దాని మొదలు నిజాం ప్రభుత్వ ఆర్థిక విధానంలో కనిపిస్తుంది. మంజీరపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ నీటితో బోధన్ చుట్టూ చెరకు సాగు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. రవాణాలోనూ పెత్తనం సర్కారుదే. రైళ్ళు నడిపిన నిజాం స్టేట్ రైల్వేయే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. విమానాల వంతు తర్వాత వచ్చింది.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి విమానంలో టపా మోసుకొచ్చారు. అక్కడి నుంచి మద్రాసు దాకా ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ విమానాన్ని బళ్ళారి మీదుగా నడిపారు. కొన్నాళ్ళకు ఆ మార్గంలో మజిలీ హైదరాబాదుకు మారింది. ఇక్కడ సేకర్తకు ఒక చిక్కు ఎదురవుతుంది. హైదరాబాదు సంస్థానానికి సొంత తపాలా బిళ్ళలున్నా అవి సంస్థానం లోపలే చెల్లేవి. బొంబాయికో మద్రాసుకో పోయే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ అతికించాల్సిందే. కాబట్టి ఆ కాలపు ఎయిర్ మెయిల్ కవరు మీద నిజాం బిళ్ళ లేదని దాన్ని పక్కన పెడితే పొరపాటే. ఏ ఊరి నుంచి బయలుదేరిందో చెప్పేది ముద్ర. బిళ్ళను బట్టి ఊరు తేల్చలేం.

1945లో నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ భాగస్వాములుగా డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. స్థావరం బేగంపేట, విమానాలు డకోటాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని మోసిన ఈ రకం విమానాలు, యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా చవకగా దొరికాయి. అప్పట్లో దేశంలో లేచిన విమాన కంపెనీలు చాలావరకు వాటి మీదే బతికాయి. మిగతా కంపెనీలు ఆడమనిషి నడిపితే ప్రయాణికులు భయపడతారని తిప్పి పంపిన పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. ఆమె 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు.

సంస్థానం 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో కలిసింది. విమాన సంస్థ మరో అయిదేళ్ళు నిలిచింది. 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్స్ చట్టంతో ఎనిమిది కంపెనీలు ఒకటై, ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ సేవలు మొదలయ్యాయి. డెక్కన్ పేరు ఆ రోజుతో చెల్లిపోయింది. ఆ పేరుతో అచ్చయిన టైంటేబుళ్ళు, టికెట్ పుస్తకాలు, సామాను చీటీలు దఫ్తరాల్లో పనికిరాని కాగితాలయ్యాయి. నేడు అవి అరుదు కావడానికి కారణం ఇదే. సంస్థ ఆయుష్షు ఎనిమిదేళ్ళు, ఆ కాగితాల అవసరం అంతకన్నా తక్కువ.

ఉత్తరాల కథ మరోలా మలుపు తిరిగింది. 1949 జనవరిలో రాత్రి విమాన టపా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకుని సంచులు మార్చుకునేవి. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి, విమానంలో పంపితే త్వరగా చేరే మామూలు ఉత్తరాలను కూడా అదనపు రుసుము లేకుండా విమానంలోనే పంపసాగారు. జనానికిది మేలు, చరిత్రకారుడికి ఇబ్బంది. అంతకుముందు గాలిలో పోయిన కవరుకు ఎయిర్ మెయిల్ చీటీ, ఎక్కువ విలువ బిళ్ళలు సాక్ష్యం. ఆ తర్వాత ఏ ఉత్తరం ఎగిరిందో, ఏది రైలులోనే వెళ్ళిందో పైకి చూసి చెప్పలేం. పంపిన ఊరి ముద్రనూ చేరిన ఊరి ముద్రనూ పక్కపక్కన పెట్టి, నడుమ గడిచిన గంటలు లెక్కగట్టాలి.

ఈ జిల్లా అత్యధికంగా విమానమెక్కింది 1970ల తర్వాత. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వలసదారులు చెప్పుకునే మూడు దారుల్లో చివరిది నిజామాబాదు పల్లెలను గల్ఫ్‌తో ముడివేసింది. మన్మాడు మీదుగా రైలులో బొంబాయి చేరి, అక్కడ విమానం ఎక్కేవారు. ఆ టికెట్లు చిన్న పుస్తకంలా ఉండేవి. ఆకు వెనుక ఎర్రటి కార్బన్ పూత, ముందు ప్రయాణికుడి పేరు, మార్గం, ఛార్జీ, ఏజెంటు ముద్ర. 2008 జూన్‌తో అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐటా కాగితపు టికెట్లకు స్వస్తి పలికింది. అదే ఏడాది మార్చిలో హైదరాబాదు విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు తరలాయి. తర్వాత వచ్చిన థర్మల్ కాగితపు బోర్డింగ్ పాసుల మీది అచ్చు కొన్నేళ్ళకే వెలిసిపోతుంది.

సేకరణ సంతలో డెక్కన్ ఎయిర్‌వేస్ చీటీకి ఉన్న గిరాకీ నలిగిన గల్ఫ్ టికెట్టుకు లేదు. చరిత్ర కొలతతో చూస్తే ఈ వరుస తారుమారవుతుంది. డకోటాలెక్కిన కొద్దిమంది ప్రయాణాలు కంపెనీ దస్తావేజుల్లోనో, పత్రికల్లోనో ఎంతోకొంత నమోదయ్యాయి. బోధన్ చెరకు పొలాల నుంచి ఎడారికి వెళ్ళిన కూలీ ఏ దారిన పోయాడో, ఎంత చెల్లించాడో, ఎన్నేళ్ళకు తిరిగొచ్చాడో అతని టికెట్టు, పాస్‌పోర్టు ముద్రలు కలిపి చదివితేనే తెలుస్తుంది. నిజామాబాదు విమాన చరిత్రను పోగుచేయదలచినవారు ముందుగా అడగవలసింది ఆ ఇళ్ళలోని ట్రంకు పెట్టెలనే.