తూము నుంచి వెంచురీ మీటర్ దాకా

పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి వేయించిన శాసనమది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయని అందులో రాయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పించాడు. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, ఉన్న కాసిన్ని నీళ్లకు మించిన ఆయకట్టు దోషాల్లోకి వస్తాయి. పన్నెండు అంగాల్లో జలశాస్త్రం తెలిసిన పండితుడు ఒకటి, చెరువు పనిలో ఆరితేరిన పనివాళ్ల గుంపు ఇంకొకటి. శాస్త్రం చదివినవాడూ, చేత్తో చేసేవాడూ ఇద్దరూ ఉంటేనే చెరువు నిలుస్తుందని ఆరున్నర శతాబ్దాల కింద మన కడప సీమలో తెలుసు. ఇంజినీరింగ్ కాలేజీలో ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్ పెట్టేది ఆ ఇద్దరినీ ఒక్క మనిషిలో తయారు చేయడానికే.

ఆ పని రాయలసీమలో ఎలా సాగిందో చూడాలంటే కర్నూలు-కడప కాలువ దగ్గర మొదలుపెట్టాలి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. రైతులు ఎగబడి నీళ్లు కొంటారనుకున్న లెక్క తప్పింది. కంపెనీ నష్టపోయి, చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను తీసుకుంది. అప్పట్లో కొలత నేర్చుకోవడమంటే కాలువ గట్టు మీదే. పెద్ద ఇంజినీర్ల వెంట తిరుగుతూ, లస్కర్లు తలుపులు ఎత్తి దించుతుంటే చూస్తూ నేర్చుకున్నారు. కాలేజీ చదువు కావాలంటే మద్రాసు పోవాలి. అక్కడ 1794లో సర్వే స్కూలుగా పుట్టిన సంస్థ 1859 నాటికి సివిల్ ఇంజినీరింగ్ కాలేజీ అయింది; తర్వాతి గిండీ కాలేజీ అదే.

విద్యార్థి తానే యంత్రం నడిపి, తానే రీడింగ్ తీసే ల్యాబ్ అనే ఆలోచన ఇంగ్లండులో కూడా అంత పాతది కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో అలెగ్జాండర్ కెనెడీ 1878లో ఇంజినీరింగ్ ల్యాబ్ తెరిచి దాన్ని చదువులో భాగం చేశాడు. అయిదేళ్లకు, 1883లో, మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నటి రంగు ధార వదిలాడు. వేగం తక్కువగా ఉన్నంతసేపు రంగు ఒకే గీతలా సాగింది. వేగం పెంచేకొద్దీ ఒకచోట ఆ గీత చెదిరి నీళ్లంతా రంగు కలిసిపోయింది. ఈ రోజు మన జిల్లాల్లో రెండో ఏడాది పిల్లలు చేసే రేనాల్డ్స్ ప్రయోగం అదే. పుస్తకంలో సంఖ్యగా కనిపించే సంగతి అక్కడ కళ్లెదుట జరుగుతుంది. ఆ గీత చెదిరే క్షణాన్ని ఒక్కసారి చూసినవాడికి రేనాల్డ్స్ సంఖ్య అంటే ఏమిటో మళ్లీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఫ్లూయిడ్ మెకానిక్స్‌కు తోడుగా ల్యాబ్‌లో నేర్పే ఉష్ణ ప్రసారం (హీట్ ట్రాన్స్‌ఫర్) కథ వేరు. 1822లో ఫూరియే రాసిన సిద్ధాంతం, 1879లో స్టెఫాన్ కనిపెట్టిన రేడియేషన్ సూత్రం, 1915లో నుసెల్ట్ చేసిన కన్వెక్షన్ లెక్కలు ఎవరికి వారుగా వచ్చాయి. బాయిలర్ల నుంచీ, రసాయన కర్మాగారాల నుంచీ అవసరం ముదిరాకే అవన్నీ ఒక పాఠంగా కుదురుకున్నాయి.

ఇటు మన సీమకు ఇంజినీరింగ్ కాలేజీ 1946లో మంజూరైంది. గిండీ ఆవరణలోనే తరగతులు మొదలుపెట్టి 1948లో అనంతపురానికి తరలించారు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ కడుతున్న రోజులవి. దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో హైడ్రాలిక్స్ చదువు మొదలవడం నాకు ఎప్పుడూ సబబుగానే తోస్తుంది. నీటి కరువు ఉన్నచోటే నీటి లెక్క తెలిసినవాడు కావాలి. 1959లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడి అనంతపురం కాలేజీ దాని కిందికి వెళ్లింది. తర్వాత ప్రైవేటు కాలేజీల కాలం: 1980లో కడపలో కేఎస్సారెమ్, 1998లో రాజంపేట, మదనపల్లె. ఆపైన రాయచోటికి కూడా శ్రీ సాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ పేరుతో కాలేజీ వచ్చింది. 2008లో జేఎన్‌టీయూ విడిపోయి అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం దక్కింది. ఒకప్పుడు ఇంజినీర్ కావాలంటే మద్రాసు రైలెక్కాల్సిన ఇంటి పిల్లలు ఇప్పుడు పొద్దున కాలేజీ బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. ఆడపిల్లల చదువుకు ఇది చేసిన మేలు చిన్నది కాదు.

ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్ లోపల ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. నేల కింద ఒక సంపు ఉంటుంది. మోటార్ ఆ నీటిని పైపుల్లోకి తోస్తుంది, వాడిన నీరు మళ్లీ సంపులోకే చేరుతుంది. మధ్యలో సన్నబడే పైపు వెంచురీ మీటర్; దాని గొంతు దగ్గర నీటి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తేడాను మానోమీటర్ అనే యూ ఆకారపు గాజు గొట్టంలోని పాదరసం మట్టాల తేడా చూపిస్తుంది. దాన్ని 12.6తో గుణిస్తే నీటి ఎత్తు లెక్కలోకి వస్తుంది. ఇటు కలెక్టింగ్ ట్యాంకు వాల్వు మూసి, మట్టం 10 సెంటీమీటర్లు పెరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఒకరు స్టాప్‌వాచ్‌తో చూస్తారు. ట్యాంకులో కొలిచిన ప్రవాహానికీ, ఒత్తిడి తేడా నుంచి లెక్కకట్టిన ప్రవాహానికీ నిష్పత్తి వెంచురీ మీటర్‌కు 0.97 దగ్గర, ఆరిఫిస్ మీటర్‌కు 0.6 దగ్గర రావాలి. రాలేదంటే చాలాసార్లు మానోమీటర్ గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుని ఉంటుంది. పైనున్న చిన్న కాక్ తిప్పి గాలి వదిలాకే రీడింగ్ తీయాలి. ఈ పని ఏ పరీక్షలోనూ మార్కులు తేదు కానీ, ఇంజినీర్ చేయి తిరిగేది ఇక్కడే.

హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో ఓపిక కావాలి. పిన్-ఫిన్ ప్రయోగంలో హీటర్ వేసి డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజి కుదిర్చి, థర్మోకపుల్ రీడింగులు నిలకడకు వచ్చేదాకా కూర్చోవాలి. అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. వేసవిలో మన ఊళ్లలో గది వేడే నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి పుస్తకంలోని ఉదాహరణకూ ఇక్కడి రీడింగుకూ పొంతన ఉండదు. ఉండకపోవడమే పాఠం.

ఆ పాఠమే ఇప్పుడు చాలాచోట్ల దక్కడం లేదు. తొంభైల చివర నుంచి కాలేజీలు పెరిగిన వేగంతో ల్యాబ్ అసిస్టెంట్లు పెరగలేదు. ఒక సెట్టు చుట్టూ ఎనిమిది, పదిమంది నిలబడితే వాల్వు తిప్పేది ఒకరు, మిగతావాళ్లు రాసుకునేవాళ్లు. సీనియర్ల రికార్డులు ఏడాదికేడాది చేతులు మారుతున్నాయి. గ్రాఫు ముందే గీసి, దానికి తగిన రీడింగులు వెనక్కి లెక్కకట్టే విద్య కూడా పుట్టింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చే రోజుకు యంత్రాలు తుడిచి పెడతారు, వైవాలో నిర్వచనం అడుగుతారు. 2020 కరోనా కాలంలో వర్చువల్ ల్యాబ్‌లు ఆదుకున్న మాట నిజమే. కంప్యూటర్‌లో మాత్రం గాలి బుడగ ఇరుక్కోదు. పాఠం ముందు చూపించడానికి అది మంచిదే, ల్యాబ్‌కు బదులు పెట్టడానికి పనికిరాదు.

ఇది మార్కుల సంగతే అయితే నేనింత పట్టించుకోను. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి వరద రాజంపేట మండలం ఊళ్ల మీద పడింది. స్పిల్‌వే మోయగలిగినదానికి మించిన వరద వస్తే మట్టికట్టకు ఏమవుతుందో ఆ ఊళ్లవాళ్లు తమవాళ్లను పోగొట్టుకుని చూశారు. స్పిల్‌వే మీద నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సూత్రాన్ని ల్యాబ్‌లో చిన్న నాచ్ మీద చేయిస్తారు. వేడి సంగతికొస్తే 1994 నుంచి నడుస్తున్న రాయలసీమ థర్మల్ కేంద్రం ఎర్రగుంట్ల దగ్గరే ఉంది, దాని కండెన్సర్లలో జరిగేదే మన హీట్ ఎక్స్చేంజర్ ప్రయోగంలోనూ జరుగుతుంది. పాపాగ్ని మీది వెలిగల్లు ప్రాజెక్టు, పింఛా ప్రాజెక్టు, రైతుల బోర్లు, డ్రిప్ లేటరళ్లు, గాలివీడు వైపు సోలార్ పలకలు అన్నీ ఈ రెండు ల్యాబ్‌ల సిలబస్‌లోనివే.

రాయచోటి, రాజంపేట, కడప కాలేజీల అధ్యాపకులకు ఒక విన్నపం. సిలబస్‌లోని ప్రయోగాలన్నీ చేయించండి. వాటితోపాటు సెమిస్టర్‌కు ఒక్క ప్రయోగమైనా ఆవరణ దాటించండి. ఒక మామిడి తోటలో డ్రిప్ లేటరల్ మొదటి డ్రిప్పర్ దగ్గరా, చివరి డ్రిప్పర్ దగ్గరా గ్లాసు పెట్టి పది నిమిషాల్లో ఎంత నీరు చేరిందో పిల్లల చేత కొలిపించండి. వచ్చిన తేడా రికార్డులో ఉన్నదున్నట్టు రాయనివ్వండి. లెక్క పుస్తకంతో కలవలేదని మార్కులు కోయకండి, ఎందుకు కలవలేదో రాసినవాడికి ఎక్కువ వేయండి. ఆ కాగితం తోట రైతుకు కూడా ఒక ప్రతి ఇవ్వండి.