పత్తి ధర నుంచి మట్కా దాకా

మట్కా జూదానికి మూలం పత్తి. న్యూయార్క్ నుంచి బొంబాయికి వచ్చే ప్రారంభ, ముగింపు ధరలపై పందేలు కాసేవారు. ఆ ధరలు రావడం ఆగిపోయాక 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంత ఆటలు పెట్టారు. ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న మాటలు మాత్రం మిగిలాయి.

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సంభావ్యత పాఠానికి మట్కాకన్నా మంచి లెక్క దొరకదేమో! సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల్లో మూడింటిని విడివిడిగా తీసి, కూడి, మొత్తంలో చివరి అంకె చూస్తే పదింటికీ సమాన అవకాశమే. గెలిచేది పదిలో ఒకసారి, చేతికొచ్చేది సాధారణంగా తొమ్మిది రెట్లు. సగటున వందకు పది రూపాయలు నిర్వాహకుడివే. పాత ఫలితాల చార్టులు ఎంత తిరగేసినా ఈ తేడా పోదు. నిన్న పడిన 7కి జ్ఞాపకం ఉండదు.

ఇక చట్టం సంగతి: 1998 లాటరీల చట్టం లాటరీల్లో ఒంటి అంకె బహుమతులను నిషేధించింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించింది. దాంతో ఎల్‌బీనగర్‌లో ఫోన్‌లో కాసే పందెం కూడా నేరమే అయింది.