డాలరు చెంప మీది గీత

వెండి రూపాయిని మన షరాబు రాతి మీద మోగించి చూసేవాడు. ఖంగుమంటే పెట్టెలోకి, బొంగురుగా పలికితే ఇచ్చినవాడి చేతిలోకి. అనుమానం తీరకపోతే ఒరగల్లు, తక్కెడ ఉండేవి. రాజుగారి ముక్కు అరిగిందా, బుగ్గ మీద గాటు పడిందా అని అడిగినవాడు లేడు. అమెరికాలోనూ మొదట ఇదే తీరు. 1792 చట్టం ప్రకారం 1794లో ఫిలడెల్ఫియా టంకశాల తొలి వెండి డాలర్లు కొట్టినప్పుడు, స్పెయిన్‌వారి ఎనిమిది రియాళ్ల బిళ్ళలూ వాటి పక్కనే చెల్లేవి. వర్తకుడికి కావలసింది వెండి. ఆ 1794 డాలర్లలో ఒకటి 2013 జనవరి వేలంలో కోటి డాలర్లు దాటింది. అందులో ఉన్న వెండి రెండు తులాల పైచిలుకు, అంతే. ఈ రెండు వందల ఏళ్లలో పరీక్ష లోహాన్ని వదిలి నాణెం చర్మం మీదికి వచ్చింది.

నడుమ ఒక చిత్రమైన మజిలీ ఉంది. 1873 నుంచి అమెరికా చైనా వ్యాపారం కోసం ట్రేడ్ డాలరు ముద్రించింది. చైనా వర్తకులు దాన్ని పరీక్షించి, వెండి మంచిదేనని తమ చిన్న ముద్ర గుద్దేవారు. చేతులు మారినకొద్దీ ముద్రలు పెరిగేవి, నమ్మకమూ పెరిగేది. నాణేలు సేకరించే కాలం వచ్చేసరికి ఆ యోగ్యతాపత్రాలే గాయాలయ్యాయి. వాటినే వెతికి కొనేవారు ఇప్పుడు మళ్ళీ తయారయ్యారు.

అసలు కథ మోర్గన్ డాలరుది. నెవాడా గనుల్లో వెండి పొంగి ధర పడిపోతుంటే, ఖజానా నెలకు 20 నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలని 1878లో చట్టం తెచ్చారు. అధ్యక్షుడు హేస్ వీటో చేసినా కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది. బొమ్మ చెక్కినవాడు ఇంగ్లండు నుంచి వచ్చిన జార్జ్ మోర్గన్. స్వేచ్ఛాదేవి ముఖానికి నమూనాగా కూర్చున్నది ఫిలడెల్ఫియాకు చెందిన అన్నా విలియమ్స్. అయితే 26.73 గ్రాముల బిళ్ళలు జేబులో మోసుకు తిరగడానికి తూర్పు రాష్ట్రాల జనం ఇష్టపడలేదు. వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి నేలమాళిగల్లో పడేశారు. సంచి విసిరినప్పుడల్లా లోపల ఒకదాని అంచు ఇంకొకదాని ముఖానికి తగిలేది. మనిషి చెయ్యి తగలని నాణెం మీదా గాట్లే!

నాణెం చూడటంలోని చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. అరుగుదల వేరు, గాటు వేరు. మోర్గన్ డాలరు ఎత్తయిన చోట్ల ముందు అరుగుతుంది: దేవి చెవి పైనున్న జుట్టు, వెనకవైపు గద్ద రొమ్ము మీది ఈకలు. కానీ న్యూ ఆర్లియన్స్‌లో కొట్టిన చాలా నాణేలకు అచ్చు సరిగా దిగలేదు. ఆ ఈకలు పుట్టుకతోనే నునుపు. మరి అరిగిందో, అసలు ఏర్పడనే లేదో ఎలా తెలుస్తుంది? దీపం కింద వంచి మెల్లగా తిప్పాలి. అచ్చు ఒత్తిడికి లోహం కేంద్రం నుంచి అంచులకు పాకిన సన్నటి గీతల మీద వెలుగు బండిచక్రపు ఆకుల్లా తిరుగుతుంది. కొద్దిపాటి వాడకానికే ఆ గీతలు చెరిగి, అక్కడ వెలుగు తెగిపోతుంది. ఇంత చూశాక కన్ను ఆగేది దేవి చెంప మీద. విశాలమైన నున్నటి చెంప, దాపరికానికి చోటు లేదు. జుట్టులో పడ్డ గాటును క్షమిస్తారు గానీ చెంప మీది గీతను క్షమించరు.

చూసిందాన్ని అంకెల్లో పెట్టింది విలియం షెల్డన్, వృత్తిరీత్యా మనస్తత్వవేత్త. 1949లో పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో 1 నుంచి 70 దాకా మెట్లు కట్టాడు. అట్టడుగు నాణెం ధరను మెట్టు అంకెతో గుణిస్తే ఈ నాణెం ధర రావాలన్నది అతని లెక్క. ఆ గుణకారం త్వరలోనే తప్పిపోయింది, మెట్లు మాత్రం మిగిలాయి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలిరకం సెంట్లను తీసుకుని, వాటి చోట తన నాసిరకాలు పెట్టాడన్న సంగతి అతను పోయాక బయటపడింది. తరతమాలు అతనికి బాగా తెలుసన్నది కాదనలేం!

1962 చివర్లో ఖజానా పాత సంచులు విప్పింది. అంతదాకా అపురూపమనుకున్న 1903 న్యూ ఆర్లియన్స్ డాలర్లు సంచులకొద్దీ బయటపడి ధర కుప్పకూలింది. జనం వరస కట్టారు. 1964 మార్చిలో ఖజానా వెండి డాలర్లు ఇవ్వడం మానేసింది. ఇన్ని లక్షల కొత్త నాణేలు ఒక్కసారి బజారులో పడ్డాక ‘కొత్తది’ అన్న మాట ఒక్కటే చాల్లేదు. 1977లో అమెరికన్ నాణేల సంఘం వాడకం లేనివాటికి 60, 65, 70 అని మూడు మెట్లే పెట్టింది; పదేళ్లు తిరక్కుండా అవి 11 అయ్యాయి. 1986లో పీసీజీఎస్, మర్నాడే అన్నట్టు 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు వచ్చి, నాణెం చూసి అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించడం మొదలుపెట్టాయి. 64కూ 65కూ మధ్య ధర ఎన్నో రెట్లు పెరిగే నాణేలున్నాయి. అందుకే పెట్టె పగలగొట్టి, అదే నాణేన్ని ఇంకో అంకె కోసం మళ్ళీ పంపేవాళ్లున్నారు. నన్నడిగితే 58 దాకా జరిగేది సాక్ష్యం చూసి చెప్పే తీర్పు. 60 దాటాక చాలావరకు అభిరుచి. కాస్త అరిగిన 58, గాట్లతో నిండిన 60 కంటే అందంగా ఉండటం ఆ రంగంలో అందరికీ తెలిసిందే.

నల్లబడ్డ వెండి కనబడితే చింతపండో విభూతో వెతికే చేతులు మనవి. అక్కడ అది మహాపరాధం. తోమిన నాణెం ఎంత మెరిసినా అంకెకు నోచుకోదు, ‘శుభ్రం చేసినది’ అన్న మాటే మిగులుతుంది.

సంచుల్లో మగ్గిన డాలర్లన్నీ ఈ పరీక్షదాకా రాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మనవాళ్లు వెండి రూపాయలు దాచుకుని, 1917 నవంబరులో వచ్చిన రూపాయి కాగితాన్ని నమ్మలేదు. బ్రిటన్ అమెరికాను వెండి అడిగింది. 1918 పిట్‌మన్ చట్టం కింద 27,02,32,722 డాలర్లు కరిగాయి. వాటిలో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి మన రూపాయల కోసం ఓడెక్కింది. ఏ ఏడాదివి, ఏ టంకశాలవి కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ముద్రించిన లెక్క చూసి అరుదో కాదో చెప్పడం ఈనాటికీ కుదరదు. ఒక డాలరులోని వెండితో సరిగ్గా రెండుంబావు రూపాయలు వస్తాయి. తెలంగాణ తండాల్లో లంబాడీ స్త్రీల మెడలోని పాత రూపాయల హారంలో ఐదో జార్జి బొమ్మతో 1918 నాటి బిళ్ళ ఉంటే, అది ఒకప్పుడు స్వేచ్ఛాదేవి చెంప అయివుండవచ్చు. కొక్కెం అతికించిన నాణెం కాబట్టి దానికి ఇప్పుడు ఏ అంకే వెయ్యరు.